గ్యారేజీలో పుట్టిన వైన్.. 95 లక్షల డాలర్లకు అమ్మకం! చేసిన మనిషి వెళ్లిపోయాక ఏం జరిగింది?

ఇద్దరు స్నేహితులు శని, ఆదివారాల్లో సరదాగా మొదలుపెట్టిన పని అది. 20 ఏళ్లు తిరక్కముందే ఆ వైన్ కోసం అమెరికాలో జనం పేర్లు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. 1998లో ఆ ఇద్దరూ వ్యాపారాన్ని సుమారు 95 లక్షల డాలర్లకు అమ్మేశారు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో దాదాపు 39 కోట్ల రూపాయలు. విచిత్రం ఏంటంటే, అమ్మే నాటికి వాళ్లకు సొంత ద్రాక్షతోట ఒక్కటి కూడా లేదు! మరి కొన్నవాళ్లు అంత డబ్బు దేనికి పెట్టారు? వైన్ చేసిన మనిషే వెళ్లిపోయాక అది అదే వైన్‌గా మిగిలిందా? కాలిఫోర్నియాలోని విలియమ్స్ సెల్యం వైనరీ కథ ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

అసలు కల్ట్ వైనరీ అంటే ఏంటి?

పెద్ద ఫ్యాక్టరీ, టీవీ యాడ్స్, ప్రతి షాపులో స్టాక్.. ఇవేవీ లేకుండానే విపరీతమైన పేరు తెచ్చుకున్న చిన్న వైనరీలను కల్ట్ వైనరీలు అంటారు. వీటికి మూడు లక్షణాలు ఉంటాయి. ఒకటి, సరుకు చాలా తక్కువ. రెండు, వైన్ విమర్శకులు ఇచ్చే మార్కులు చాలా ఎక్కువ. మూడు, బాటిల్ కావాలంటే షాపుకు వెళ్తే దొరకదు. వైనరీ దగ్గరున్న మెయిలింగ్ లిస్టులో మన పేరు ఉండాలి.

ఆ లిస్టు పద్ధతి కూడా వేరుగా ఉంటుంది. ఏటా వైనరీ నుంచి ఉత్తరం వస్తుంది. ఈసారి మీ వాటాకు ఇన్ని బాటిళ్లు అని అందులో రాసి ఉంటుంది. కావాలంటే డబ్బు పంపాలి. వద్దనుకుని ఊరుకుంటే ఆ చోటు వెనకాల ఎదురుచూస్తున్న మరొకరికి పోవచ్చు. అంటే కొనేవాళ్లు రుచి చూడకుండానే ముందు డబ్బు కట్టేస్తారు. ఎవరిని చూసి కడతారు? ఆ వైన్ చేసే మనిషిని చూసి. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

ప్రెస్సులో పని.. గ్యారేజీలో వైన్

బర్ట్ విలియమ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక న్యూస్‌పేపర్ ప్రెస్సులో పని చేసేవారు. వైన్ తయారీ మీద కాలేజీ చదువేం లేదు. పుస్తకాలు చదివి, ఇంట్లో చేసి చూసి సొంతంగా నేర్చుకున్నారు. ఆయన స్నేహితుడు ఎడ్ సెల్యం లెక్కలు తెలిసిన మనిషి. ఓ కిరాణా స్టోర్‌కు వైన్ కొనే పని చూసేవారు. 1979లో ఇద్దరూ కలిసి సోనోమా కౌంటీలోని ఫారెస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో, ఓ గ్యారేజీలో వీకెండ్ వైన్ తయారీ మొదలుపెట్టారు. అమ్మకం కోసం చేసిన తొలి వైన్ 1981 నాటిది.

మొదట్లో పెట్టుకున్న పేరు హసియెండా డెల్ రియో. దానికి దగ్గరి పేరున్న మరో వైనరీ అభ్యంతరం చెప్పడంతో మార్చాల్సి వచ్చింది. కొత్త పేరు కోసం పెద్దగా వెతకలేదు. ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి విలియమ్స్ సెల్యం అని పెట్టేశారు. అప్పుడు అది తేలిగ్గా తీసుకున్న నిర్ణయమే. కానీ ఆ పేరులో ఉన్న ఇద్దరూ వెళ్లిపోయిన రోజున అదే అతి పెద్ద ప్రశ్న అయింది.

వాళ్లు ఎంచుకున్న ద్రాక్ష పినో నువార్. తొక్క పల్చగా ఉండే రకం. ఎండ కాస్త ఎక్కువైనా, కోత రెండు రోజులు ఆలస్యమైనా రుచి పాడవుతుంది. చేయడం కష్టం, చెడగొట్టడం సులువు. ఆ రోజుల్లో అమెరికాలో మంచి పినో నువార్ చేయలేరన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతానిదే ఆ విద్య అనుకునేవారు.

విలియమ్స్ దగ్గర ఖరీదైన మిషన్లు లేవు. పాల డెయిరీల్లో వాడేసిన పాత స్టీలు ట్యాంకులు తెచ్చుకున్నారు. పైన మూత లేని ఆ వెడల్పాటి ట్యాంకుల్లో ద్రాక్షను కొద్దికొద్దిగా పులియబెట్టేవారు. డబ్బు లేక మొదలైన పద్ధతే తర్వాత వాళ్ల గుర్తింపుగా మారింది. 1987లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో వీళ్ల 1985 నాటి రోకియోలి తోట పినో నువార్ టాప్ అవార్డు కొట్టేసింది. అంతే.. ఫోన్లు, ఉత్తరాలు మొదలయ్యాయి. లిస్టు పెరిగింది. వెయిటింగ్ లిస్టు అంతకంటే వేగంగా పెరిగింది.

తోట లేదు.. మరి కొన్నది ఏంటి?

1998లో వైనరీని కొన్నది జాన్ డైసన్, ఆయన భార్య క్యాథీ. న్యూయార్క్ రాష్ట్రంలో వాళ్లకు అప్పటికే వైన్ వ్యాపారం ఉంది. డైసన్ రాజకీయాల్లోనూ తెలిసిన పేరే. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వంలో వ్యవసాయ, వాణిజ్య శాఖలు చూశారు. ప్రపంచమంతా టీషర్టుల మీద కనిపించే 'ఐ లవ్ న్యూయార్క్' ప్రచారం ఆయన వాణిజ్య శాఖ బాధ్యతల్లో ఉండగా వచ్చిందే. అన్నిటికంటే ముఖ్యంగా, ఆయన విలియమ్స్ సెల్యం వైన్‌కు పాత కస్టమర్.

ఇంతకీ ఆయన చేతికి ఏం వచ్చింది? సొంత భూమి లేదు. వైన్ చేసే చోటు కూడా అద్దెదే. వచ్చినవి ప్రధానంగా నాలుగు. బాటిల్ మీది పేరు. పీపాల్లో, బాటిళ్లలో ఉన్న సరుకు. వేల మంది పేర్లున్న మెయిలింగ్ లిస్టు. ద్రాక్ష అమ్మే రైతులతో ఉన్న సంబంధాలు.

ఈ నాలుగో దాన్ని కాస్త ఆగి చూడాలి. రోకియోలి, ఆలెన్, హిర్ష్.. ఇలా మంచి తోటలున్న రైతుల దగ్గర విలియమ్స్ ద్రాక్ష కొనేవారు. ఏ తోట ద్రాక్షతో చేస్తే ఆ తోట పేరు లేబుల్ మీద వేసేవారు. దాంతో వైనరీతో పాటు రైతు పేరూ పెరిగింది. ఈ సంబంధంలో కాగితం కంటే మాటకే విలువ ఎక్కువ. యజమాని మారినప్పుడు కాగితాలు చేతులు మారతాయి. నమ్మకం అలా మారదు. దాన్ని కొత్తవాళ్లు మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాల్సిందే.

మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, పేరున్న బిర్యానీ హోటల్‌ను ఎవరో కొన్నారు అనుకోండి. బోర్డు అదే, వీధి అదే, బియ్యం తెచ్చే షాపు కూడా అదే. మాస్టర్ మాత్రం మానేశాడు. మర్నాడు హోటల్‌కు వచ్చినవాళ్లందరూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఒకటే వెతుకుతారు. రుచి మారిందా?

చెయ్యి మారితే రుచి ఎందుకు మారుతుంది?

ద్రాక్ష అదే, తోట అదే, ట్యాంకులూ అవే. మరి తేడా ఎక్కడొస్తుంది? వైన్ తయారీ అంటే ఒక రెసిపీ కాదు. ప్రతి ఏడూ వాతావరణాన్ని బట్టి మళ్లీ తీసుకోవాల్సిన నిర్ణయాల వరస అది.

* కోత ఎప్పుడు? ద్రాక్షలో తీపి పెరిగేకొద్దీ పులుపు తగ్గుతుంది. నాలుగు రోజులు ముందు కోస్తే ఒక రుచి, నాలుగు రోజులు ఆగితే ఇంకో రుచి.

* కాడలు ఉంచాలా, తీసేయాలా? గుత్తిని కాడతో సహా ట్యాంకులో వేస్తే వాసన, వగరు మారతాయి. ఎంత భాగం అలా వేయాలన్నది చేసేవాళ్ల ఇష్టం.

* పులిసేటప్పుడు వేడి ఎంత? తొక్కల్ని రోజుకు ఎన్నిసార్లు రసంలోకి అదమాలి? రంగు, వగరు ఇక్కడే తేలతాయి.

* ఏ చెక్క పీపా? కొత్త ఓక్ పీపా అయితే దాని వాసన వైన్‌లోకి ఎక్కువ దిగుతుంది. పాతదైతే తక్కువ. ఎన్ని కొత్తవి, ఎన్ని పాతవి, ఎన్ని నెలలు అన్నది మరో నిర్ణయం.

* ఏది పక్కన పెట్టాలి? బాగా రాని పీపాను ఖరీదైన బాటిల్‌లో కలపకుండా పక్కకు తీసేయగలగాలి. ఇది రుచి తెలిసిన నాలుకకే కాదు, ధైర్యానికి కూడా పరీక్ష. పక్కన పెట్టిన ప్రతి పీపా అంటే తగ్గిన డబ్బే.

ఈ నిర్ణయాల్లో చాలావరకు నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు. కానీ ఎందుకు అలా చేశారన్నది చేసిన మనిషితోనే ఉంటుంది. వ్యవస్థాపకుడు వెళ్లిపోతే వైనరీ కోల్పోయేది సరిగ్గా ఈ 'ఎందుకు'నే.

తేడా వెంటనే బయటపడదు!

ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. వైన్ ఈ ఏడు చేస్తే ఈ ఏడే అమ్మరు. పీపాలో నెలల తరబడి ఉండాలి, బాటిల్‌లో ఇంకొన్నాళ్లు ఆగాలి. అందుకే 1998లో యజమాని మారినా, ఆ వెంటనే కస్టమర్ల ఇళ్లకు చేరినవి విలియమ్స్ చేసిన బాటిళ్లే. కొత్త చేతి రుచి తెలియడానికి ఇంకా టైమ్ పడుతుంది. అది కూడా తొలి రుచి మాత్రమే. మంచి పినో నువార్ నిలవ ఉండేకొద్దీ ఎలా మారుతుందో తెలియాలంటే మరో పదేళ్లు ఆగాలి.

అంటే లిస్టులో ఉన్నవాళ్లకు ఇది కష్టమైన కాలం. జవాబు తెలియకుండానే ఏటా డబ్బు పంపాలి. ఆపేస్తే లిస్టులో చోటు పోతుంది. కట్టేస్తే ఏమొస్తుందో తెలియదు. కొత్త యజమానికీ ఇది అంతే ప్రమాదం. పాత పేరు మీద వచ్చిన నమ్మకం రెండు మూడేళ్లు మాత్రమే నడిపిస్తుంది. తర్వాత సొంత కాళ్ల మీద నిలబడాలి.

కస్టమరే వైన్‌మేకర్ అయ్యాడు

డైసన్ దంపతులు వైన్ చేసే బాధ్యతను బాబ్ కబ్రాల్‌కు అప్పగించారు. కాలిఫోర్నియాలోనే ద్రాక్ష పండించే కుటుంబంలో పుట్టి, వైన్ చదువు చదువుకున్న మనిషి. అంతకు ముందు సోనోమాలోని వేరే వైనరీల్లో పనిచేశారు. ఆయన కూడా విలియమ్స్ సెల్యం మెయిలింగ్ లిస్టులో పాత మెంబరే! అంటే ఆ వైన్ ఎలా ఉండాలో కొనేవాడి వైపు నుంచి కూడా ఆయనకు తెలుసు.

కబ్రాల్ వచ్చీ రాగానే అంతా తిరగేయలేదు. పాత డెయిరీ ట్యాంకుల పద్ధతి ఉంచారు. ఒక్కో తోటకు ఒక్కో బాటిల్ అన్న విధానం ఉంచారు. మెయిలింగ్ లిస్టూ అలాగే నడిచింది. బయటికి కనిపించే ఏదీ పెద్దగా మారలేదు.

మార్పులు మరోచోట వచ్చాయి. మొదటిది భూమి. విలియమ్స్ తోటలు కొనలేదు, డైసన్ కొన్నారు. డ్రేక్ ఎస్టేట్, లిటన్ ఎస్టేట్ పేర్లతో సొంత తోటలు వచ్చాయి. దీనికి కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. లేబుల్ మీద పేరు పడి ఫేమస్ అయిన రైతు, రేపు తన ద్రాక్షతో తానే వైన్ చేసుకుంటానంటే వద్దనే హక్కు ఎవరికీ లేదు. రోకియోలి కుటుంబం అప్పటికే సొంత లేబుల్‌తో అమ్ముతోంది. హిర్ష్ కుటుంబం 2002లో సొంత వైన్ మొదలుపెట్టింది. ద్రాక్ష మొత్తం బయటి నుంచే వస్తే, వైనరీ భవిష్యత్తు ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

రెండోది సైజు. వ్యవస్థాపకుల కాలంతో పోలిస్తే సరుకు, లేబుళ్ల సంఖ్య పెరిగాయి. మూడోది బిల్డింగ్. అద్దె చోటు వదిలి, 2010లో హీల్డ్స్‌బర్గ్ దగ్గర వెస్ట్‌సైడ్ రోడ్‌లో కొత్త వైనరీ కట్టారు. గ్యారేజీ రోజులు అక్కడితో పూర్తిగా ముగిశాయి.

మరి రుచి? కబ్రాల్ చేసిన 2007 లిటన్ ఎస్టేట్ పినో నువార్‌కు వైన్ ఎంథూసియస్ట్ మ్యాగజైన్ 100కి 100 మార్కులు వేసింది. ఉత్తర అమెరికా పినో నువార్ ఒకదానికి ఆ పత్రిక ఫుల్ మార్కులు ఇవ్వడం అదే తొలిసారి. గమనించాల్సింది ఏంటంటే.. ఆ మార్కులు వచ్చింది విలియమ్స్ ఏనాడూ వాడని తోటకు. పాతదాన్ని కాపీ కొట్టినందుకు కాదు, అదే శ్రద్ధను కొత్త నేల మీద పెట్టినందుకు.

భూమి ఉంటే సరిపోతుందా? స్క్రీమింగ్ ఈగిల్ కథ

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ పక్కనే ఉన్న నాపా వ్యాలీలో దొరుకుతుంది. స్క్రీమింగ్ ఈగిల్.. అమెరికా కల్ట్ వైన్లలో అందరికంటే ఎక్కువగా వినిపించే పేరు. రియల్ ఎస్టేట్ ఏజెంట్‌గా పనిచేసిన జీన్ ఫిలిప్స్ 1986లో ఓక్‌విల్ దగ్గర 57 ఎకరాలు కొన్నారు. వైన్‌మేకర్‌గా హైడీ బారెట్‌ను పెట్టుకున్నారు. 1992 నాటి తొలి వైన్‌కే ప్రముఖ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ 99 మార్కులు వేశారు. 2000లో నాపా చారిటీ వేలంలో 6 లీటర్ల బాటిల్ ఒకటి 5 లక్షల డాలర్లు పలికింది. అప్పట్లో 2 కోట్ల రూపాయల పైమాటే.

2006లో ఫిలిప్స్ ఆ ఎస్టేట్‌ను స్టాన్ క్రోంకే, చార్లెస్ బ్యాంక్స్‌కు అమ్మారు. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు క్రోంకే పేరు కొత్త కాదు, ఆర్సెనల్ క్లబ్ ఓనర్ ఆయనే. అమ్మకంతో పాటే బారెట్ కూడా బయటికి వచ్చేశారు. కొత్త వైన్‌మేకర్‌గా ఆండీ ఎరిక్సన్ వచ్చారు. తోటలో చాలా భాగం మళ్లీ నాటారు. కొత్త వైనరీ కట్టారు. 2009లో బ్యాంక్స్ తప్పుకున్నారు. 2011 నుంచి నిక్ గిస్లాసన్ అనే కుర్ర వైన్‌మేకర్ చేతికి పగ్గాలు వెళ్లాయి. ధరలు మాత్రం పైకే వెళ్లాయి. ఇప్పుడు బయటి మార్కెట్లో ఒక్క బాటిల్ వేల డాలర్లు పలుకుతుంది.

ఇక్కడ యజమాని, వైన్‌మేకర్, తీగలు, భవనం.. అన్నీ మారాయి. మారనిది ఆ నేల, ఆ పేరు, ఎప్పుడూ చాలనంత తక్కువ సరుకు. విలియమ్స్ సెల్యంలో తోట లేకపోయినా పని పద్ధతి మిగిలింది. స్క్రీమింగ్ ఈగిల్‌లో మనుషులు మారినా నేల మిగిలింది. రెండు చోట్లా పేరు నిలబడింది. కానీ నిలబెట్టిన ఆధారాలు వేరు.

మరి పాత కస్టమర్లు ఏమంటున్నారు?

ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. విలియమ్స్ కాలం నాటి బాటిళ్లను ప్రత్యేకంగా వెతికి కొనే సేకరణకర్తలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల దృష్టిలో 1998 ఒక గీత. గీతకు ఇవతల ఎంత మంచి వైన్ వచ్చినా అది వేరే వైన్. లేబుల్ అలాగే ఉండటం వాళ్లకు ఓదార్పు కాదు, ఒక్కోసారి అసంతృప్తి కూడా.

మరోవైపు, 1998 తర్వాతే లిస్టులో చేరి, కబ్రాల్ వైన్‌తోనే ఈ పేరు తెలుసుకున్న వాళ్లు చాలామంది. వాళ్లకు అసలు రుచి అంటే అదే. ఇంకో మాట కూడా ఉంది. పాత బాటిల్ పాతికేళ్లు నిలవ ఉండి మారిన రుచి. కొత్తది ఇంకా పచ్చిగా ఉన్న రుచి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని తేల్చడం న్యాయం కాదు. అందులో జ్ఞాపకం పాలు కూడా కొంత కలుస్తుంది.

మూడో చెయ్యి.. ఫ్రాన్స్ నుంచి వాటాదారు

కథ కబ్రాల్‌తో ఆగలేదు. 2014లో ఆయన కూడా వెళ్లిపోయారు. అయితే ఈసారి పరిస్థితి వేరు. ఆయన స్థానంలోకి వచ్చిన జెఫ్ మంగహాస్ 2011 నుంచే అక్కడ పనిచేస్తున్నారు. వైన్‌లోకి రాకముందు ఆయన క్యాన్సర్ పరిశోధన రంగంలో ఉన్నారు. కొన్ని కోతల కాలాలు పక్కనే ఉండి చూశాక బాధ్యత తీసుకున్నారు. మొదటి మార్పు అమ్మకంతో వచ్చింది. రెండోది ముందే సిద్ధం చేసుకున్న మార్పు. పైన చెప్పుకున్న ఆ 'ఎందుకు' అన్నది ఒకరి నుంచి ఒకరికి అందాలంటే ఇలా కలిసి పనిచేసిన కాలమే దారి.

2021లో ఫ్రాన్స్‌లోని బర్గండీకి చెందిన ఫెవెలే కుటుంబం ఈ వైనరీలో వాటా తీసుకుంది. పినో నువార్‌కు పుట్టిల్లు లాంటి చోటు నుంచి, తరతరాలుగా అదే ద్రాక్షతో వైన్ చేస్తున్న కుటుంబం అది. ఒకప్పుడు అమెరికాలో మంచి పినో నువార్ రాదన్నారు. ఇప్పుడు బర్గండీ కుటుంబమే వచ్చి సోనోమాలో డబ్బు పెట్టింది. గ్యారేజీలో ఆ ఇద్దరూ సాధించింది ఏంటో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

బర్ట్ విలియమ్స్ మాత్రం వైన్‌ను వదిలిపెట్టలేదు. వైనరీ అమ్మేశాక ఆండర్సన్ వ్యాలీలో మార్నింగ్ డ్యూ రాంచ్ పేరుతో పినో నువార్ తోట పెంచారు. జీవితమంతా ఇతరుల ద్రాక్షతో వైన్ చేసిన మనిషి, చివరికి తానే ద్రాక్ష రైతు అయ్యారు. 2019 డిసెంబర్‌లో కన్నుమూశారు.

ఇంతకీ దీని నుంచి తేలేది ఏంటి?

వ్యవస్థాపకుడు వెళ్లిపోతే కల్ట్ వైనరీ చచ్చిపోదు. అలాగని ఉన్నది ఉన్నట్టుగానూ మిగలదు. పేరు ఒక్క సంతకంతో చేతులు మారుతుంది. రైతుల నమ్మకం, కస్టమర్ల ఓపిక మాత్రం వాయిదాల్లో సంపాదించుకోవాలి. ఆ వాయిదా ఏడాదికి ఒక్కసారే, కోత కాలంలో వస్తుంది. ఒక్క ఏడు తప్పు చేస్తే దిద్దుకోవడానికి మళ్లీ ఏడాది ఆగాలి.

విలియమ్స్ సెల్యం విషయంలో కొన్నవాళ్లు చేసిన తెలివైన పని ఒకటే. వ్యవస్థాపకుడి స్థానంలో ఇంకో పెద్ద పేరును తెచ్చిపెట్టలేదు. ఆ వైన్‌ను ముందు నుంచీ ఇష్టపడి తాగిన మనిషిని తెచ్చారు. ఏది ముట్టుకోకూడదో ఆయనకు తెలుసు. అందుకే ఏది మార్చొచ్చో కూడా తెలిసింది.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. హీల్డ్స్‌బర్గ్ అక్కడి నుంచి కారులో వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. వీకెండ్‌లో వెస్ట్‌సైడ్ రోడ్ మీదుగా వెళ్తే రెండు పక్కలా ద్రాక్షతోటలే కనిపిస్తాయి. మధ్యలో విలియమ్స్ సెల్యం బోర్డూ కనిపిస్తుంది. ఆ బోర్డు మీదున్న రెండు పేర్ల వాళ్లూ అక్కడ పని చేయక పాతికేళ్లు దాటింది. అయినా ప్రతి ఏడూ కోతకు ముందు, ఇప్పుడు చేసేవాళ్లు లెక్క అప్పజెప్పాల్సింది ఆ రెండు పేర్లకే.

(గమనిక: మద్యం సేవించడం ఆరోగ్యానికి హానికరం. ఈ కథనం వ్యాపార, చారిత్రక విషయాలను వివరించడానికి మాత్రమే.)